‘పుట్ ద స్క్రూస్ ఆన్’ అంటే ఎలాంటి ఒత్తిడి?

ఇంగ్లిష్‌లో ‘పుట్ ద స్క్రూస్ ఆన్’ అని ఎక్కడ కనబడినా, తెలుగు చేసేటప్పుడు ‘ఒత్తిడి తెచ్చారు’ అని రాసి ఊరుకుంటున్నాం. అర్థం తప్పేమీ కాదు కానీ, అందులోని కర్కశత్వం పోతోంది. బొమ్మ కొనిపెట్టమని పిల్లలు తండ్రి మీద తెచ్చేదీ ఒత్తిడే. దానికి ఈ మాట వాడితే మరీ అతిగా ఉంటుంది.

ఇక్కడ స్క్రూ అంటే తలుపుకు బిగించేది కాదు. యూరప్‌లో ఒకప్పుడు నిజం కక్కించడానికి వాడిన థంబ్‌స్క్రూ. బొటనవేళ్లను ఇనుప పట్టీల మధ్య పెట్టి పైనున్న మర తిప్పుతారు. తిప్పిన కొద్దీ పట్టీ ఇంకాస్త దిగుతుంది. 1684లో ఎడిన్‌బరోలో విలియం కార్‌స్టేర్స్ అనే మతాచార్యుణ్ని, రాజు మీద కుట్ర సంగతి చెప్పమని స్కాట్లండ్ ప్రీవీ కౌన్సిల్ (రాజు సలహా మండలి) దీనితోనే హింసించింది. తర్వాతి కాలంలో ఆయనే ఎడిన్‌బరో విశ్వవిద్యాలయానికి ప్రిన్సిపల్ అయ్యాడు.

ఆ మర తిరగడమే ఈ నుడికారానికి ప్రాణం. ఒత్తిడి పెట్టేవాడి చేతిలో అధికారమో, అవతలివాడి గుట్టో ఉండాలి. లొంగేదాకా బాధ విడతలవారీగా పెరగాలి. ఒక దేశం మీద ఆంక్షలు పెట్టి, చాలలేదని మరికొన్ని పెడితే ‘టైటెనింగ్ ద స్క్రూస్’ అంటారు. ‘పుట్ ద స్క్రూస్ ఆన్’లో ‘ఆన్’ బదులు అమెరికాలో ‘టు’ కూడా వినిపిస్తుంది. ‘ట్విస్ట్ సమ్‌వన్స్ ఆర్మ్’ (చెయ్యి మెలిపెట్టడం) అనే నుడికారం ఇంత కఠినం కాదు, స్నేహితులు సరదాగా బలవంతపెట్టినా వాడతారు.

తెలుగులో నాకు దగ్గరగా అనిపించేది ‘ఉచ్చు బిగించడం’. మెల్లమెల్లగా బిగిసే గుణం అందులో ఉంది. ‘మెడ మీద కత్తి పెట్టారు’లో తీవ్రత ఉన్నా ఆ విడతలు లేవు. అప్పుల సంగతైతే ‘బాకీ కట్టమని పీకల మీద కూర్చున్నారు’ అంటే చక్కగా అతుకుతుంది. ‘ముక్కు పిండి వసూలు చేశారు’ అంటే డబ్బు చేతికి వచ్చేసినట్టే, కాబట్టి పని ఇంకా సాగుతుండగా అది కుదరదు.

‘స్క్రూలు బిగించారు’ అని ఉన్నదున్నట్టు మాత్రం దించకండి. మనవాళ్లు ‘వాడికి స్క్రూ టైట్ చెయ్యాలి’ అనేది తిక్క కుదర్చాలన్న అర్థంలో. లొంగదీసి పని చేయించుకోవడం అందులో లేదు.