అప్‌డేట్: మొదటి రియర్ వీల్ డ్రైవ్ కారుగా 2003 మియాటా కొన్నాను

డ్రైవింగ్ నైపుణ్యం పెంచుకోవడానికి మొదటి రియర్ వీల్ డ్రైవ్ (ఇంజిన్ శక్తి వెనుక చక్రాలకు వెళ్లే) కారుగా మాజ్డా వాళ్ల చిన్న ఓపెన్ టాప్ కారు మియాటా తీసుకోవాలా, ఫోర్డ్ వాళ్ల శక్తిమంతమైన మస్టాంగ్ జీటీ తీసుకోవాలా అని, హార్స్‌పవర్ (ఇంజిన్ శక్తి) గురించి కూడా, మార్చిలో డాలస్ నుంచి ఇక్కడ అడిగాను. ఓపికగా జవాబిచ్చిన వారందరికీ కృతజ్ఞతలు.

తేలికైన, తక్కువ శక్తి ఉన్న కారుతో మొదలుపెట్టమన్న సలహా పాటించి, 1.8 లీటర్ల ఇంజిన్, మాన్యువల్ గేర్లు ఉన్న 2003 మియాటా కొన్నాను. కొనేముందు మెకానిక్‌కు చూపించమన్న మాట నన్ను నష్టం నుంచి కాపాడింది. మొదట చూసిన కారులో మడిచే పైకప్పు మీది నీరు బయటికి పోయే గొట్టాలు ఆకులతో మూసుకుపోవడం వల్ల తలుపు కింద ఉండే బాడీ అంచు లోపలి నుంచి తుప్పు పట్టింది; వేలితో నొక్కితే పెయింటు లోపలికి దిగిపోయింది.

రెండో కారు శుభ్రంగా ఉంది గానీ, వానలో చిన్న మలుపుకే వెనుక భాగం జారేది. డిఫరెన్షియల్‌లో (వెనుక చక్రాలు రెండూ వేర్వేరు వేగాల్లో తిరగనిచ్చే గేర్ల పెట్టెలో) లోపమేమోనని చాలా భయపడ్డాను. దానికీ దీనికీ సంబంధమే లేదని తేలింది. టైరు పక్కన 2314 అని ఉంది, అంటే అవి 2014లో 23వ వారంలో తయారైనవి. గాడులు లోతుగానే ఉన్నా రబ్బరు గట్టిపడిపోయింది. నాలుగూ మార్చాక ఆ సమస్య మళ్లీ రాలేదు.

హార్స్‌పవర్ గురించి నేను అడిగినదంతా అనవసరమే. మలుపు మధ్యలో యాక్సిలరేటర్ ఒక్కసారిగా వదిలితే బరువు ముందుకు మారి వెనుక చక్రాలు పట్టు కోల్పోతాయన్న సంగతి ఆటోక్రాస్‌లో (ఖాళీ స్థలంలో కోన్లు పెట్టి, ఒక్కో కారునీ సమయం లెక్కించి నడిపించే పోటీలో) కోన్ల మధ్య, తక్కువ వేగంలోనే, ఈ చిన్న కారు నాకు స్పష్టంగా తెలియజేసింది.