అప్‌డేట్: వాన చప్పుడుకు భయపడే అమ్మ, ప్రాణాయామం, కౌన్సెలింగ్

2023 జూలై చివర్లో భూపాలపల్లి జిల్లాలో మోరంచవాగు పొంగి మా ఊరు మోరంచపల్లిని ముంచినప్పుడు మా అమ్మ డాబా మీద ప్రాణాలు అరచేతిలో పెట్టుకుని కూర్చుంది. ఆ తర్వాత వాన పడితే నిద్ర లేదు, ఒకటే గుండెదడ. ప్రాణాయామం ఒక్కటే సరిపోతుందా, కౌన్సెలింగ్‌కు కూడా తీసుకెళ్లాలా అని ఇంతకుముందు ఇక్కడ అడిగాను. రెండూ మొదలుపెట్టాం.

2004 సునామీ తర్వాత తమిళనాడులోని నాగపట్నం బాధితుల శిబిరాల్లో 183 మందితో చేసిన అధ్యయనం గురించి ఒకరు చెప్పారు, చదివాను. కొందరికి శ్వాస సాధన, కొందరికి దానితోపాటు కౌన్సెలింగ్ లాంటి మాటల చికిత్స ఇచ్చారు, మిగిలినవాళ్లను పోల్చి చూడటానికి ఆరు వారాలు ఆగమన్నారు. శ్వాస నేర్చుకున్న రెండు గుంపుల్లోనూ భయం, దిగులు బాగా తగ్గాయి. మాటల చికిత్స కలిపినా పెద్ద తేడా లేదట. అయితే గుంపులను లాటరీ వేసి విడదీయలేదు. కాబట్టి దీన్ని పట్టుకుని కౌన్సెలింగ్ దండగ అంటే నేను ఒప్పుకోను.

ప్రాణాయామంలో భస్త్రిక అమ్మకు పడలేదు. వేగంగా ఊపిరి తీస్తే దడ ఇంకా పెరిగింది, ఆపేశాం. ఉజ్జాయి కుదిరింది: గొంతు కొద్దిగా బిగించి, ముక్కుతోనే, వదలడం మెల్లగా. "నా ఊపిరి సప్పుడే ఇనపడుతది, వాన ఇనపడ్తలేదు" అంటుంది.

కౌన్సెలింగ్ అంటే "నాకేమన్న పిచ్చా" అని మొండికేసింది. ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలిమానస్ 14416కు ఫోన్ చేస్తే తెలుగులోనే మాట్లాడారు. ఆ తర్వాత హనుమకొండలో సైకాలజిస్టు దగ్గరికి తనే వస్తానంది. అక్కడ కొట్టుకుపోయిన బర్రెల గురించి వెక్కివెక్కి ఏడ్చింది. మాతో ఎన్నడూ ఆ ఊసే ఎత్తలేదు.

ఇప్పుడు మామూలు వానకు పడుకుంటోంది. ఉరిమితే మాత్రం లేచి కూర్చుంటుంది. అమ్మ వాడే నిద్రమాత్రలు డాక్టర్ గారే తగ్గిస్తున్నారు, అందులో మేం వేలు పెట్టడం లేదు.