6000 ర్యామ్ 4800కే నడుస్తోంది: ర్యామ్ స్పీడ్ పెంచే ఎక్స్‌పో ఆన్ చేయాలా, వద్దా?

నెల్లూరు గేమర్:
పీసీ కట్టించి పది రోజులైంది. రైజెన్ 7600 ప్రాసెసర్, 16 జీబీ ర్యామ్ స్టిక్‌లు రెండు. పెట్టె మీద డీడీఆర్5 6000 అని ఉంది, టాస్క్ మేనేజర్ చూస్తే 4800. ట్రంక్ రోడ్డులో కొన్న షాపులో అడిగితే "స్పీడ్ మారిస్తే వారంటీ పోతుంది, అలాగే వాడుకో" అన్నారు. 6000కి డబ్బులు కట్టి 4800తో ఎందుకు సరిపెట్టుకోవాలి?

ఒంగోలు పీసీ:
షాపువాళ్లు చెప్పిందే సబబు. ఆ ప్రాసెసర్‌కి ఏఎండీ హామీ 5200 వరకే. ఆ పైన నడిపితే ఓవర్‌క్లాకింగే, అంటే హామీని మించి స్పీడ్ పెంచడమే. 1440పీ రిజల్యూషన్‌లో ఆడితే భారమంతా గ్రాఫిక్స్ కార్డు మీదే, తేడా కంటికి ఆనదు. మే నెల ఎండల్లో ఏసీ లేని గదిలో ఈ టెన్షన్ ఎందుకు బ్రో?

కావలి అన్న:
వారంటీ మాట నిజమే, కాదనను. కానీ 6000 అన్నది ర్యామ్ కంపెనీ పరీక్షించి అమ్మిన స్పీడ్. ఆ వివరాలు స్టిక్‌లోని చిన్న చిప్‌లోనే ఉంటాయి. బయోస్‌లో (విండోస్ రాకముందు తెరిచే సెట్టింగులు) ఎక్స్‌పో ఆన్ చేస్తే టైమింగులు, వోల్టేజీ దాన్ని బట్టే మారతాయి. మామూలుగా 1.1 వోల్టులు, 6000 కిట్లలో చాలావాటికి 1.35. 1080పీలో ప్రాసెసర్ మీద ఆధారపడే ఆటల్లో తేడా బాగానే తెలుస్తుంది, ముఖ్యంగా ఉన్నట్టుండి ఎఫ్‌పీఎస్ (సెకనుకు ఫ్రేములు) పడిపోయే చోట.

తమ్ముడూ, ముందు స్టిక్‌లు ప్రాసెసర్ వైపు నుంచి రెండో, నాలుగో స్లాట్లలో ఉన్నాయేమో చూడు. ఆన్ చేశాక స్క్రీన్ నల్లగా ఉండిపోతుంది, భయపడొద్దు. నాకైతే ఫ్యాన్లు తిరుగుతున్నాయి, బోర్డు మీద డీర్యామ్ పక్కన నారింజ లైటు వెలుగుతోంది, ఎంతకీ బొమ్మ లేదు. స్విచ్ దాకా చెయ్యి వెళ్లింది. నాలుగు నిమిషాలకు లోగో వచ్చింది. అది మెమరీ ట్రైనింగ్, అంటే కొత్త స్పీడ్‌కి ర్యామ్‌ని పీసీ సరిచూసుకోవడం. మధ్యలో ఆపకూడదు. కరెంటు కోత లేని టైం చూసుకో. తర్వాత రాత్రంతా మెమ్‌టెస్ట్86 (ర్యామ్‌ని పరీక్షించే ప్రోగ్రామ్) నడుపు. ఒక్క ఎర్రర్ వచ్చినా 5600కి దించెయ్, లేకపోతే ఫైళ్లు పాడవుతాయి.

ఒంగోలు పీసీ:
మా తమ్ముడి పీసీ 6000 దగ్గర రోజూ ఆగిపోయేది అన్నా. అందుకే చెబుతున్నా.

కావలి అన్న:
ఎన్ని స్టిక్‌లు?

ఒంగోలు పీసీ:
నాలుగు.

కావలి అన్న:
అదీ సంగతి. నాలుగు పెడితే రైజెన్ 7000కి ఏఎండీ హామీ 3600కి పడిపోతుంది. రెండింటికీ, నాలుగింటికీ పోలిక పెట్టొద్దు.

నెల్లూరు గేమర్:
ఆన్ చేశానన్నా. మూడు నిమిషాలు ఊపిరి బిగబట్టా. టాస్క్ మేనేజర్‌లో 6000 వచ్చింది! కానీ సీపీయూ-జెడ్ యాప్‌లో 3000 అంటోంది?

కావలి అన్న:
డీడీఆర్ అంటే డబుల్ డేటా రేట్ కదా, రెండుతో గుణించు. రాత్రికి మెమ్‌టెస్ట్ మర్చిపోకు.