హాల్లో గోడకి నైట్ కత్తి: పిడి ఊగుతోంది, మచ్చలు పడుతున్నాయి, మా అమ్మ ఊరుకోదు

గంటస్తంభం జెరాక్స్ (విజయనగరం)

గురువులూ, నాది కత్తి సమస్య. నవ్వకండి.

చిన్నప్పటి నుంచి కోటల బొమ్మలంటే నాకు పిచ్చి. ఈ ఏడాది సొంతిల్లు అయింది. సోఫా వెనక గోడ బోసిగా ఉందని ఆన్‌లైన్లో ఒక కత్తి తెప్పించాను. మధ్యయుగంలో యూరప్ నైట్లు, అంటే గుర్రపు యోధులు, రెండు చేతులతో పట్టుకునే లాంగ్ స్వోర్డ్‌కి నకలు. 4,800 రూపాయలు. పొడవు 47 అంగుళాలు. పక్క కిరాణా కొట్టులో తూకం వేయిస్తే 2 కిలోల 350 గ్రాములు వచ్చింది. తూచిన కుర్రాడు "కిలో ఎంతండీ?" అన్నాడు.

అట్టపెట్టె విప్పగానే మా అమ్మ, "ఏట్రా ఇది? మనింట్లో కత్తిపీట లేదనా?" అంది. అది మొదలు.

సిరిమాను పండక్కి చుట్టాలొచ్చారు. మా చిన్నాన్న మనవడు సోఫా ఎక్కి పిడి పట్టుకుని లాగాడు. కత్తి కింద పడలేదు గానీ అప్పటి నుంచి పిడి గలగలమంటోంది. దానికి తోడు అలుగు (కత్తి రేకు) మీద ఆవగింజంత ఎర్ర మచ్చలు. కొబ్బరినూనె రాశాను. వారం తిరిగేసరికి జిడ్డు కట్టి దుమ్మంతా దానికే అతుక్కుంది. నేను షాపులో ఉన్నప్పుడు అమ్మ దాన్ని దింపి చింతపండుతో తోమేసింది, ఇత్తడి బిందెని తోమినట్టు. పిడి దగ్గర అడ్డంగా ఉండే కమ్మీకి బంగారు రంగు ఉండేది, అది పోయి లోపల బూడిద రంగు తేలింది.

ఇప్పుడు మూడు ప్రశ్నలు. పిడి బాగు చెయ్యొచ్చా? మచ్చలు ఎలా పోతాయి? ఇది ఇంట్లో పెట్టుకుంటే పోలీసులతో తలనొప్పి ఉంటుందా? మూడోది మా ఆవిడ ప్రశ్న.

బొబ్బిలి వీణ

విజయనగరం వాడు కత్తి గురించి బొబ్బిలి వాణ్ణి సలహా అడగడం 1757 జనవరి తర్వాత ఇదే మొదటిసారి అనుకుంటా. మా పాపారాయుడి కత్తికి మీ రాజుగారు పోయిన సంగతి మర్చిపోయినట్టున్నారు.

సరదాకి అన్నాను గురూ. కానీ ఒక మాట. ఈ నేల మీద ఉండి నైట్ కత్తి ఎందుకు? తల్వార్ నకలు పెట్టుకోవాల్సింది. వంపు తిరిగిన అలుగు, పిడి చివర చిన్న పళ్లెంలాంటి బిళ్ల, గోడ మీద దాని అందమే వేరు. పోనీ తిన్నని కత్తే కావాలంటే ఫిరంగి ఉంది. అంటే పేల్చే ఫిరంగి కాదు. యూరప్ నుంచి ఓడల్లో దిగిన అలుగుకి మన దగ్గర పిడి బిగించి వాడేవాళ్లు, ఆ కత్తి పేరే ఫిరంగి. నీ పిచ్చీ తీరుతుంది, నా పరువూ నిలుస్తుంది.

కాటిసీను (శ్రీకాకుళం)

బాబూ, నేను ముప్పై ఏళ్లు పౌరాణిక నాటకాలు ఆడాను. రెండు కిలోల కత్తి అనగానే విషయం అర్థమైంది.

అసలు యుద్ధాల్లో తిప్పిన లాంగ్ స్వోర్డులు చాలావరకు కిలో నుంచి కిలోన్నర మధ్యే ఉండేవి. అంతకంటే బరువైతే చెయ్యి లేవదు. గోడకి వేలాడదీయడానికి చేసేవాళ్లకి ఆ బాధ లేదు కాబట్టి దళసరి రేకు కోసి కత్తి ఆకారం ఇచ్చేస్తారు. నీది స్టెయిన్‌లెస్ అయి ఉంటుంది. కూరగాయల చాకుకి అది మంచి లోహమే. మూడడుగుల అలుగుగా సాగదీస్తే మాత్రం పెళుసు. దెబ్బ తగిలితే వంగదు, విరుగుతుంది. తిప్పడానికి చేసే కత్తులు వేరు, వాటికి కార్బన్ స్టీలు తీసుకుని, కాల్చి చల్లార్చి గట్టిపరుస్తారు.

ఇక పిడి. చివర గుండు ఉంటుంది చూడు, దాన్ని ఎడమవైపు తిప్పు. ఊడి వస్తుంది. అలుగు నుంచి పిడిలోకి దిగే తోకని టాంగ్ అంటారు. మంచి కత్తికి అలుగూ టాంగూ ఒకే ముక్క, వెడల్పుగా ఉంటుంది. నీ దాంట్లో పెన్సిలంత బోల్టు వెల్డింగ్ చేసి ఉంటుందని నా పందెం. ఎలకతోక టాంగ్ అంటారు దాన్ని. బోల్టుకి ఒక వాషరు వేసి గుండు బిగించు, గలగల ఆగుతుంది. అంతే, దానికి అంతకుమించి బాగు లేదు. మళ్లీ ఎవరి చేతికీ ఇవ్వకు, గాల్లో అసలు తిప్పకు.

ఇది ఊరికే చెప్పడం లేదు. ఒకసారి మా కాటిసీనుకి అట్టకత్తి బదులు ఇలాంటిదే తెచ్చారు, తళతళలాడుతుందని. చంద్రమతి మీద కత్తి ఎత్తి పద్యం అందుకున్నాను. రెండో పాదంలో ఉండగా అలుగు పిడిలోంచి జారి వెనక పరదాకి గుచ్చుకుంది. నా చేతిలో పిడి మిగిలింది. జనం చప్పట్లు కొట్టారు, మాయ అనుకుని. చంద్రమతి వేషం కట్టినావిడ మాత్రం ఆ తర్వాత రెండు నెలలు నాతో మాట్లాడలేదు.

మచ్చల సంగతి. మనది సముద్రపు గాలి, స్టెయిన్‌లెస్ అయినా మచ్చపడుతుంది. కొబ్బరినూనె వద్దు, అది ముదిరి బంక అవుతుంది. కుట్టుమిషను నూనె తెచ్చుకో. అందులో బాగా సన్నటి స్టీల్ ఊల్ ముంచి అలుగు పొడవునా ఒకే దిక్కుగా రుద్దు, గుండ్రంగా రుద్దితే గీతలు కనపడతాయి. తర్వాత పాత బనీను గుడ్డతో తుడిచి, పల్చగా ఒక్క పూత. జపాన్‌లో లవంగ నూనె కలిపిన పల్చటి నూనె రాస్తారు, అది వాసన కోసం కూడా. ముట్టుకుంటే తుడిచే పెట్టాలి, చేతి చెమటలో ఉప్పు ఉంటుంది. నా దగ్గరున్న కత్తికి ఆయుధపూజ నాడు బొట్టు పెట్టి వదిలేశాను. తడి కుంకం ఎండి, అర్ధరూపాయి బిళ్లంత మచ్చ పడిపోయింది. ఇప్పటికీ ఉంది.

తోలు ఒర వచ్చిందా? అందులో పెట్టకు. తోలు చెమ్మని పీల్చుకుని లోపలే పెట్టుకుంటుంది.

చింతపండు అమ్మగారికి ఏం చెప్పలేను. ఆ కమ్మీ ఇత్తడి కాదు, చవక లోహం మీద పూత. పూత పోయాక చేసేదేం లేదు. నాకైతే ఆ బూడిద రంగే కత్తికి నప్పుతుందనిపిస్తుంది.

పార్వతీపురం ప్లీడరు

మూడో ప్రశ్నకి నేను. 1959 ఆయుధాల చట్టంలో బొమ్మగా తప్ప పనికిరానివి, పనికొచ్చేలా మార్చలేనివి ఆయుధాల నిర్వచనంలోకి రావు. కాని 2016 నిబంధనల జాబితాలో కత్తులు ఉన్నాయి, 9 అంగుళాలకి మించిన అలుగు కూడా ఉంది. తుపాకీ కాని ఆయుధాలకి లైసెన్సు అక్కర్లేదా అంటే, 4వ సెక్షన్ కింద కేంద్రం నోటిఫై చేసిన ప్రాంతాల్లో కావాలి. కాబట్టి మీ స్టేషన్లో ఒక మాట అడిగి ఉంచుకోండి. బిల్లు పారేయకండి, అలంకార వస్తువు అని ఉంటే మరీ మంచిది. పదును పెట్టించారో, నకలు అన్న మాటకి విలువ పోతుంది.

ఇంట్లో గోడ మీద ఉన్న కత్తి కంటే వీధిలోకి తెచ్చిన కత్తితోనే కేసులు. పుట్టినరోజు కేకు కత్తితో కోసి ఫొటో పెట్టే కుర్రాళ్లని చూస్తున్నాం కదా. మీ చిన్నాన్న మనవడికి ఆ ఆలోచన రాకుండా చూసుకోండి.

బొబ్బిలి వీణ

ప్లీడరు గారు చెప్పాక భయమేసి మా అట్టకత్తి కూడా లోపల పెట్టాను.

గురూ, ఇంకోటి. ఈసారి డమాస్కస్ స్టీల్ అని మూడు వేలకి అమ్మేది చూసి టెంప్ట్ అవకు. ఆ అలల గీతలు చాలావాటికి యాసిడ్‌తో వేసిన ముద్రే. అసలు ఆ పేరున్న కత్తుల ఉక్కు మన దేశం నుంచే వెళ్లేది, నిజామాబాద్ దగ్గర కోనసముద్రం దానికి పేరుమోసిన ఊరు.

గంటస్తంభం జెరాక్స్ (విజయనగరం)

కాటిసీను గారూ, పందెం మీరే గెలిచారు. గుండు తిప్పితే లోపల పెన్సిల్ కంటే సన్న బోల్టు, వెల్డింగ్ కూడా వంకర. సైకిల్ షాపులో రెండు వాషర్లు వేయించాను. ఇప్పుడు చప్పుడు లేదు. మచ్చలు ముప్పావు వంతు పోయాయి.

అలుగు మధ్యలో గాడి ఉంది కదా, అమ్మినవాడు అది రక్తం కారడానికని రాశాడు. నిజమేనా?

కాటిసీను (శ్రీకాకుళం)

కాదు బాబూ. దానివల్ల బరువు తగ్గుతుంది, గట్టిదనం పెద్దగా తగ్గదు. ఇనప గర్డరు అడ్డంగా కోస్తే మధ్యలో సన్నగా ఉంటుంది చూడు, అదే కిటుకు.

మరి ఎక్కడ తగిలించావు? సోఫా మీదే అయితే వెంటనే దింపు.

గంటస్తంభం జెరాక్స్ (విజయనగరం)

దింపేశాను. సోఫా వెనక బాత్రూం గోడ, చెమ్మ అక్కడి నుంచే వస్తోందని ఇప్పుడు తెలిసింది. మెట్ల పక్క గోడకి మార్చాను, కింద ఎవరూ కూర్చోరు, పిల్లలకి అందదు. మేకులు కాదు, డ్రిల్ చేసి ప్లగ్గులు దించి, టేకు చెక్క మీద రెండు కొక్కేలు. కత్తిని చెక్కకి తీగతో కట్టాను కూడా.

తోలు ఒర ఖాళీగా ఉందని అమ్మ అందులో కర్టెన్ రాడ్డు దోపి తలుపు వెనక నిలబెట్టింది. దానికి నూనె రాయాలా అని అడుగుతోంది.