ద్రాస్ చలికి టిప్పర్‌లో ఏ ఇంజన్ ఆయిల్ పోయాలి?

అన్నలూ, మాది గాజువాక. మా బీఎస్-4 టిప్పర్‌ని ఈ శీతాకాలం లద్దాఖ్‌లోని ద్రాస్‌లో పనికి పెడుతున్నాం. అక్కడ రాత్రిళ్లు మైనస్ 20 కిందకి పోతుంది. మన విశాఖలో 18 డిగ్రీలకే మంకీ క్యాపులు బయటికొస్తాయి!

ఇప్పుడు పోసేది చిక్కదనం గ్రేడ్ 15డబ్ల్యూ-40, డీజిల్ ఇంజన్ ఆయిల్ నాణ్యత గ్రేడ్ సీఐ-4 ప్లస్. ఆటోనగర్ మెకానిక్ అదే చాలంటున్నాడు. నాకైతే నమ్మకం కుదరట్లేదు. 15డబ్ల్యూకి కోల్డ్ స్టార్ట్ పరీక్ష మైనస్ 20 దగ్గరే, 5డబ్ల్యూకి మైనస్ 30 దగ్గర. వేడెక్కాక రెండూ 40 గ్రేడే కాబట్టి 5డబ్ల్యూ-40 సింథటిక్ వైపు మొగ్గుతున్నా. రేటు మాత్రం గుండె గుభేల్మనిపిస్తోంది.

బాగా తిరిగిన ఇంజన్, సింథటిక్ పోస్తే సీళ్ల దగ్గర కారుతుందా? లోడుతో ఘాట్ ఎక్కేటప్పుడు ఆయిల్ ప్రెషర్ పడిపోతుందా? అక్కడ చలికి గడ్డకట్టని వింటర్ డీజిల్ దొరుకుతుంది, కానీ దారిలో కొట్టించిన మామూలు డీజిల్ ట్యాంకులో మిగిలితే ఏం చేస్తారు? ఆ వైపు బండి తిప్పినవాళ్లు చెప్పండి.