కొత్త ఫోన్ల మోజుకు నిహిలిజం అని పేరు పెట్టడం సబబేనా?

నల్లగొండ వాసి: మొన్న ఆదివారం పూజలో ఫాదర్ గారు, ఈ కొనుడు పిచ్చికి మూలం నిహిలిజం అన్నారు. ఫోన్ కొనడానికీ, దేనికీ అర్థం లేదనే తత్వానికీ సంబంధమేంటి? నాకు అతకలేదు.

దేవరకొండ టీచరమ్మ: నాకు అతికింది. ముందొక మాట: నిహిలిజాన్ని తెలుగులో శూన్యవాదం అంటుంటారు, కానీ మన సాగర్‌కు పేరిచ్చిన బౌద్ధ ఆచార్యుడు నాగార్జునుడి శూన్యవాదం వేరు, అందుకే నిహిలిజం అనే రాస్తున్నా.

మా అమ్మ స్టీలు బిందె మీద తన పేరు, పెళ్లి తేదీ చుక్కలు చుక్కలుగా కొట్టించి ఉంటాయి. సొట్టలు పడ్డా పారేయలేదు. మా అబ్బాయి పది నెలల ఫోన్‌ను ఎక్స్చేంజ్‌లో ఇచ్చేశాడు, ఈఎంఐ ఇంకా రెండు నెలలుంది. వాడికి వస్తువులంటే ప్రాణం అంటారు అందరూ. నాకైతే ఏ వస్తువు మీదా వాడికి ప్రేమ కనబడదు. డబ్బా విప్పేదాకే సంబరం. దేనికీ సొంత విలువ లేదు, నాకు పనికొచ్చినంతసేపే విలువ అనుకోవడమే నిహిలిజం. అదే చూపు రేపు మంచాన పడ్డ ముసలివాళ్ల మీదా పడుతుంది.

బాగా బతకాలనుకోవడం తప్పు కాదని రెండో జాన్ పాల్ పోప్ 1991 నాటి 'చెంతేసిముస్ అన్నుస్' లేఖలో స్పష్టంగానే రాశారు. మనిషిగా ఎదగడం మానేసి, కూడబెట్టడమే బతుకనుకోవడం తప్పన్నారు.

సూర్యాపేట నుంచి: అక్కా, మా తాత సాయుధ పోరాటంలో దళంలో తిరిగాడు. దేవుణ్ని నమ్మలేదు, రెండు జతల బట్టలతో బతికాడు. ఆయన నిహిలిస్టా? ఇంకోటి, మా అమ్మ నలభై ఏళ్లు కుండ నీళ్లు తాగి పోయినేడే ఫ్రిజ్ కొన్నది. ఆమెకు ఈ ప్రసంగం చెప్పొద్దు.

దేవరకొండ టీచరమ్మ: అమ్మ విషయంలో మీ మాటే సరి తమ్ముడూ. ఫాదర్ గారు ఆ తేడా చెప్పాల్సింది. తాతగారిని నిహిలిస్టు అని నేనైతే అనను. వెట్టి తప్పు అన్నది ఆయనకు ఇష్టాయిష్టాల సంగతి కాదు, నిజం. నిజమనేదే లేదనుకుంటే మనిషికి మిగిలేది పెత్తనం మీద యావ, లేదంటే ఆశ లేని ఒంటరితనం అని 1998లో 'ఫిదెస్ ఎత్ రాత్సియో' అనే లేఖలో అదే పోప్ హెచ్చరించారు. తాతగారిలో ఆ రెండూ లేవు. కానీ దొరా జీతగాడూ సమానమని ఏ తక్కెడ తూచి చెప్పింది? ఆ తక్కెడ దేవుడి చేతిలో ఉందని నా నమ్మకం.

సూర్యాపేట నుంచి: దేవుడు లేకుండానే తాత ఆ తక్కెడ పట్టాడు, అక్కడ నేను ఒప్పుకోను. కానీ మా తమ్ముడికి దేవుడూ లేడు, తక్కెడా లేదు. రాత్రి రెండింటి దాకా రీల్స్ తిప్పుతూ, "ఏం చేస్తే ఏముందన్నా" అంటాడు. మంచం కింద విప్పని బూట్ల డబ్బాలు రెండున్నాయి. ఆ మాట విన్నప్పుడల్లా నాకు టెన్షన్‌గానే ఉంటుంది.