కరుణానిధి గారు ఇన్ని నియోజకవర్గాలు ఎందుకు మార్చారు?

ప్రశ్న: 1957లో కుళిత్తలైలో మొదలుపెట్టి 2016లో తిరువారూరు దాకా 13 సార్లు శాసనసభకు ఎన్నికై, ఒక్కసారీ ఓడని నాయకుడు ఒకే స్థానాన్ని ఎందుకు అంటిపెట్టుకోలేదు? చెన్నైలో ఉంటున్న పెద్దలు ఎవరైనా వివరించగలరా?

జవాబు: 1962లో తంజావూరులో గెలిచాక, 1967 నుంచి 2006 వరకు ఆయన గెలిచినవన్నీ మన నగరంలోని స్థానాలేనండీ: సైదాపేట, అన్నానగర్, హార్బర్, చేపాక్కం. ఎం.జి.ఆర్. హవా నడిచిన 1977లోనూ డీఎంకేకు నగరమే ఆసరాగా నిలిచింది. నా దృష్టిలో అసలు కారణం అదే.

జవాబు: ఓడలేదన్నది నిజమే గానీ, అన్నీ నల్లేరు మీద నడకలు కావు. 1980లో అన్నానగర్‌లో అన్నాడీఎంకే అభ్యర్థి హండే గారిపై ఆధిక్యం 699 ఓట్లే. రాజీవ్ గాంధీ హత్య తరువాత జరిగిన 1991 ఎన్నికల్లో హార్బర్‌లో 890 ఓట్లతో గట్టెక్కి, ఆపై రాజీనామా చేశారు.

జవాబు: 1984లో ఆయన శాసనమండలి సభ్యుడు కనుక అసెంబ్లీకి పోటీయే చేయలేదు.